డెల్టా దొడ్డికి వాక్కాయ కంచె: గట్టు దగ్గర్నుంచి కత్తెర దాకా

గోదావరి డెల్టాలో పచ్చకంచె ఎండకు చావడం తక్కువ, నీటికి చావడమే ఎక్కువ. వేసవిలో కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాలే ఇక్కడ నేల నిజంగా ఎండేది. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలాక సార్వా (వానాకాలపు వరి), అది కోయగానే దాళ్వా (రెండో పంట వరి). పక్కచేలో నీరు నిలిచినంత కాలం మన దొడ్లోకి ఊట దిగుతూనే ఉంటుంది. పైన మట్టి ఆరినట్టు కనిపించినా జానెడు లోతున పార దించితే తడి మెరుస్తుంది. ఆ జాలులో వేరుకు గాలి అందక కుళ్ళిపోతుంది. కాబట్టి ఇక్కడ కంచె పని మొక్కతో కాదు, గట్టుతో మొదలుపెట్టాలి.

రెండో సంగతి కత్తెర. మొక్క మోకాలెత్తు కూడా రాకముందే తల తీసేయడానికి చాలామందికి చెయ్యి రాదు. తీయకపోతే నాలుగేళ్ళకు పైన గుబురు, కింద కోళ్ళు దూరే సందులు మిగులుతాయి. ఈ రెండు పనులూ వేళకు చేస్తే మిగతా చాకిరీ పెద్దదేం కాదు.

ఏ మొక్క పెట్టాలి

రోజంతా ఎండ పడే దొడ్డికి వాక్కాయను మించింది లేదు. కొన్నిచోట్ల కలివికాయ అంటారు, నర్సరీల్లో కరోండా అంటే ఇట్టే చూపిస్తారు. మన దేశపు పొద. ఏడాది పొడుగునా ఆకు నిలుస్తుంది. ముదిరిన ఆకు దళసరిగా, ముదురు పచ్చగా నిగనిగలాడుతుంది. అంగుళం నుంచి రెండంగుళాల దాకా గట్టి ముళ్ళు ఉంటాయి కాబట్టి ముల్లు ముదిరాక గేదె ఒకసారి మూతి పెడితే రెండోసారి పెట్టదు. ఎండను ఓర్చుకుంటుంది, కాస్త చౌడునూ ఓర్చుకుంటుంది. పైగా కాయ ఇస్తుంది. పచ్చికాయ పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడికి. బేకరీలో కేకు మీద ఎర్రగా కూర్చునే ‘చెర్రీ’ కూడా చాలాసార్లు రంగు వేసి పాకం పట్టిన వాక్కాయే. ఇది ఓర్చుకోనిది నిలవ నీరు, నీడ.

అందుకని అన్ని హద్దులకూ వాక్కాయే పెట్టమని చెప్పలేం. కోనసీమలో చిక్కటి కొబ్బరితోటల మధ్య పెడితే వెలుతురు కోసం సన్నగా సాగిపోతుంది, గుబురు కట్టదు. అలాంటిచోట నందివర్ధనం, లేదా అడ్డసరం మేలు. నందివర్ధనం పాలు కారే మొక్క, పశువులు పెద్దగా ముట్టవు, పొద్దున్నే దేవుడికి పువ్వు. అడ్డసరం ముదురు కొమ్మను వానల్లో గుచ్చితే చాలు నాటుకుంటుంది, మేక కూడా వాసన చూసి వదిలేస్తుంది. సముద్రం వారన, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి కొట్టే ఇసుకనేలల్లో పిసంగి ఎంచుకోండి. ఉప్పుటేళ్ళ ఒడ్డున దానంతటదే పెరిగే మొక్క అది, ఎంత కత్తిరించినా మళ్ళీ చిగురేస్తుంది. మురుగు కోడు పక్కన ఏడాదంతా పాదం దిగబడే చోటుంటే అక్కడ మొగలి తప్ప ఇంకేదీ నిలవదు, కానీ దానికి ఆరేడు అడుగుల వెడల్పు వదిలేసుకోవాలి. పిల్లలు ఆడుకునే ముంగిట ముల్లు వద్దనుకుంటే నడుమెత్తు కంచెకు నూరువరహాలు బాగుంటుంది.

గన్నేరు కంచెగా అందంగానే ఉంటుంది, కానీ ఆకు, కొమ్మ, వేరు అన్నీ విషం. కత్తిరించిన కొమ్మ గడ్డిలో కలిసి పశువుల కుండీలోకి పోతే ప్రమాదం. పాడి ఉన్న ఇంట్లో వద్దు. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ అమ్ముతుంటారు. అది మన నేల చెట్టు కాదు, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. దాని జోలికి పోకపోవడం మంచిది.

ఇక్కడి నుంచి చెప్పేదంతా వాక్కాయ గురించే. గట్టు, కత్తెర విషయాలు మాత్రం పైన చెప్పిన మొగలి తప్ప మిగతా వాటన్నింటికీ పనికొస్తాయి.

గట్టు వేయడం

గుంట తవ్వి ఎరువు వేసి నాటడం మెరకనేలల పద్ధతి. డెల్టా నల్లబంకలో ఆ పని చేస్తే గుంట కుండలా నీరు పట్టుకుని కూర్చుంటుంది. గుంట నిండా ఇసుక పోస్తే ఇంకా చెడ్డ. చుట్టూ ఉన్న బంకలోంచి ఊటంతా ఆ ఇసుకలోకే దిగి, మొక్క నీళ్ళలో నిలబడ్డట్టవుతుంది. కిందికి తవ్వకుండా పైకి ఎత్తాలి.

పని చేయాల్సిన కాలం కాలువలు కట్టేసిన రోజులు, అంటే ఏప్రిల్ ఆఖరు నుంచి మే. బంక ఆ రోజుల్లో రాయిలా ఉంటుంది కాబట్టి ఒక వేసవి జల్లు పడ్డ రెండు రోజులకు పలుగు పట్టండి. అప్పుడు గెడ్డలు తేలిగ్గా విరుగుతాయి. మే నెలలో వేసిన గట్టు తొలకరి వానలకు కుంగి సర్దుకుంటుంది. జూన్ ఆఖరులో నాటేటప్పటికి ఇంక కుంగదు. గట్టు వేసిన మర్నాడే నాటితే మట్టి దిగినప్పుడు మొక్క మొదలు బయటపడి వేళ్ళు ఎండకు తేలతాయి.

కొలతలు 100 అడుగుల కంచెకు చెబుతాం, మీ పొడవును బట్టి సరిచూసుకోండి. గట్టు అడుగున 3 అడుగులు, పైన అడుగున్నర, ఎత్తు ఒక అడుగు. దీనికి 225 ఘనపుటడుగుల మట్టి కావాలి. గట్టు పొడుగునా చేను వైపున అడుగున్నర వెడల్పు, అడుగు లోతు బోదె తీస్తే 150 ఘనపుటడుగులు అక్కడే వస్తుంది. మిగిలిన 75కు, కుంగుడుకు కలిపి ఇంకో 100 ఘనపుటడుగుల లంకమట్టి (గోదావరి లంకల్లోని మట్టి) తోలించుకోండి. సుమారుగా ఒక ట్రాక్టరు ట్రక్కు. ఇసుక కలిసిన ఆ ఒండ్రు, బంకతో కలిసినప్పుడు గట్టు గుల్లగా ఉంటుంది. ఆగస్టు వానల్లో మీ దొడ్లో చీలమండ దాకా నీరు నిలుస్తుందనుకుంటే గట్టు ఎత్తు అడుగున్నర చేయండి. నీరు పోయే దారే లేకపోతే రెండడుగులు.

గట్టులో కలపడానికి కొబ్బరి పీచుపొట్టు ఎనిమిది పది బస్తాలు ఉంటే చాలా మంచిది. కోనసీమలో పీచు మిల్లుల దగ్గర గుట్టలు పడి ఉంటుంది. కాకపోతే నిన్న మొన్న పడ్డ పొట్టు తేవొద్దు. అందులో ఉప్పు, వగరు ఉండి లేతవేరును మాడుస్తుంది. ఒకటి రెండు వర్షాకాలాలు తడిసి, ముదురు గోధుమ రంగు తిరిగి, పిండితే ఎర్రనీళ్ళు కారని పాతపొట్టే తీసుకోండి.

బోదె గురించి ఇంకో మాట. బోదె తీయడం గొప్ప కాదు, దాని చివర మురుగులో కలవడం ముఖ్యం. వంద అడుగుల పొడవుకు కనీసం మూడు అంగుళాల వాటం ఉండాలి. కంటితో చూసి చెప్పలేం. తాపీమేస్త్రీల దగ్గర ఉండే నీటి గొట్టం లెవెలు పట్టి చూసుకోండి. వాటం లేని బోదె నీటిని తీసుకుపోదు సరికదా, గట్టు పక్కనే నీటిని నిలబెట్టి మొదటికే మోసం తెస్తుంది.

గట్టు నడిమి గీత హద్దురాయికి నాలుగు అడుగులు లోపలికి ఉండాలి. గట్టు సగం వెడల్పు అడుగున్నర, గట్టు జారకుండా జానెడు నేల, తర్వాత బోదె అడుగున్నర. హద్దు మీదే పెడితే మూడేళ్ళకు కొమ్మలు పక్కవారి చేలో ఉంటాయి, ముల్లు వాళ్ళ కాలిలో ఉంటుంది, మాటలు పడేది మనం. బోదె ఎండి ఉన్నప్పుడు అందులోనే నిలబడి ఆవలి వైపు కత్తిరించుకోవచ్చు కూడా. పంటకాలువ గట్టు మీదా, పూడిక తీసే మిషన్ తిరిగే మురుగుకాలువ గట్టు మీదా ఎప్పుడూ కంచె వేయొద్దు. అది మన నేల కాదు, మొక్కా దక్కదు.

మొక్కలు, నాటడం

100 అడుగులకు ఒకే వరసలో రెండడుగుల ఎడంతో 51 మొక్కలు పడతాయి. 60 కొనండి. మిగిలిన తొమ్మిదింటినీ సంచుల్లోనే ఉంచి ఏడాది పాటు పెంచుకోవాలి. చచ్చినచోట అదే వయసు మొక్క పెట్టకపోతే కొత్తది పాతవాటి నీడలో పడి ఎప్పటికీ ఎదగదు. పశువుల మంద రోజూ నడిచే పుంత పక్కనైతే రెండు వరసలు వేయండి. వరసల మధ్య అడుగున్నర, వరసలో మొక్కకూ మొక్కకూ 3 అడుగులు, అడ్డదిడ్డంగా పెడితే 67 మొక్కలు పడతాయి. అప్పుడు గట్టు పైభాగం మూడడుగులు, అడుగుభాగం నాలుగున్నర ఉండాలి. ఇంకా దగ్గరగా నాటితే తొందరగా మూసుకుంటుందనుకుంటారు. మూసుకుంటుంది నిజమే, కానీ మధ్య మొక్కలు వెలుతురు లేక కింది ఆకు రాల్చేస్తాయి.

కడియం, కడియపులంక నర్సరీల్లో వాక్కాయ మొక్క దొరుకుతుంది. మూడడుగుల పొడవున్న సన్నటి మొక్కను చూసి మురిసిపోకండి. అడుగు ఎత్తు, పెన్సిలంత మొదలు, కింది నుంచే రెండు మూడు కొమ్మలు ఉన్నదాన్ని ఏరుకోండి. ఒక సంచిని చింపి చూపించమనండి. వేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ బ్యాచి పాతది. అవి నాటాక కూడా వేరు ఆ చుట్టలోనే తిరుగుతుంది, పక్కకు పాకదు, తుపాను గాలికి మొక్క మొదలంటా ఊగుతుంది. పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, కొంకణ్ బోల్డ్ లాంటి రకాలు కాయ కోసం పుట్టినవి. కంచెకు గింజమొక్కలు చాలు, అవే ముల్లు బాగా వేస్తాయి.

సొంతంగా పెంచుకోవాలంటే ముందటి ఏడే తలపెట్టాలి. జులై, ఆగస్టుల్లో నల్లగా పండిన కాయలు కోసి, గుజ్జు కడిగి, గింజలను బూడిదలో దొర్లించి, నీడలో ఒక్కరోజు ఆరబెట్టి వారంలోగా విత్తేయండి. ఈ గింజ నిలవుండదు. డబ్బాలో దాచి వేసవిలో వేస్తే మొలకలు చాలా తక్కువ వస్తాయి. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలిపి 6x8 అంగుళాల సంచుల్లో నింపి, అరంగుళం లోతున సంచికి రెండు గింజలు. నెల లోపల మొలుస్తాయి, బలహీనమైనది పీకేయండి. వచ్చే జూన్‌కు నాటే ఎత్తు వస్తుంది. కొమ్మ గుచ్చి పెంచుదామనుకుంటే వాక్కాయ మొరాయిస్తుంది. వేరు పట్టేవి తక్కువ.

నాటడానికి ఆరుద్ర కార్తె, అంటే జూన్ ఆఖరు, జులై మొదలు, సరైన అదను. నేల తడిసి ఉంటుంది, సార్వా ఊట ఇంకా పూర్తిగా దిగదు. పల్లపు దొడ్డి, గట్టు సరిగ్గా ఎత్తలేకపోయారు అనుకుంటే ఆ ఏటికి ఆగి, వానలు వెనకపట్టాక నవంబరు ఆఖరులో నాటండి. కాకపోతే ఆ మొక్కకు మొదటి వేసవి నీళ్ళు తప్పకుండా మోయాలి.

గట్టు మీద సుతిలి లాగి, అడుగు వెడల్పు, 9 అంగుళాల లోతు గుంటలు తీయండి. గట్టు కిందున్న అసలు నేలలోకి దిగొద్దు. గుంటకు రెండున్నర కిలోల చివికిన ఎరువు, 100 గ్రాముల వేపపిండి, 50 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మట్టిలో కలపండి. 51 మొక్కలకు సుమారు 130 కిలోల ఎరువు, 5 కిలోల వేపపిండి, రెండున్నర కిలోల సూపర్. పచ్చిపెంట వద్దు. వేడి పుడుతుంది, చెద చేరుతుంది. సంచిని కత్తితో నిలువునా చీల్చి, మట్టిగడ్డ చెదరకుండా దించండి. అడుగున వేరు కాస్త చుట్టుకుని ఉంటే ఆ అంగుళం కోసేయండి. సంచిలో మట్టి ఏ మట్టానికి ఉందో గట్టు మీద కూడా అదే మట్టానికి రావాలి. మొదలును పూడ్చితే బెరడు నానిపోతుంది. మడమతో అదిమి, వాన పడుతున్నా సరే మొక్కకు 5 లీటర్లు పోయండి. తేమ కోసమే కాదు, వేరు చుట్టూ ఉన్న గాలిబుడగలు పోవడానికి.

తర్వాత గట్టంతా కొబ్బరి మట్టలు, వరిగడ్డి పరచండి, మొదలుకు మాత్రం బెత్తెడు ఖాళీ వదలండి. బంకగట్టు వేసవిలో బీటలిస్తుంది. ఆ బీటలు సన్నవేళ్ళను తెంపేస్తాయి. పైన గడ్డి ఉంటే బీట రాదు.

రెండున్నరేళ్ళ దాకా ఈ కంచెకే ఒక దడి కావాలి. లేతచిగురులో ముల్లు మెత్తగా ఉంటుంది, మేక నున్నగా కొరుక్కుపోతుంది. వెదురు బద్దలు, కొబ్బరి మట్టలు, ఆకుపచ్చ వల, ఏదైనా సరే మొక్కకు అడుగున్నర దూరంలో కట్టండి. ఆనించి కడితే ఆ వైపు వెలుతురు తగలక కొమ్మ రాదు.

తల తీయడం

నాటిన మూడు నాలుగు వారాలకు కొత్త ఆకు కనిపిస్తుంది. అంటే వేరు పట్టింది. వాన లేని రోజు చూసి, పదునైన సికేచర్‌తో (కొమ్మలు కోసే చేతికత్తెరతో) ప్రతి మొక్కనూ నేల నుంచి 6 అంగుళాలకు కోసేయండి. కణుపుకు పావంగుళం పైన, కాస్త ఏటవాలుగా. తెల్లటి పాలు కారి ఆగిపోతాయి, మందేమీ రాయక్కర్లేదు. మొక్క కొనచిగురు ఉన్నంతవరకు కింది కణుపులను లేవనివ్వదు, బలమంతా తనే లాక్కుంటుంది. కొన పోతే కింద నాలుగైదు కణుపులు ఒక్కసారి కళ్ళు విప్పుతాయి. కంచె అడుగుభాగాన్ని కట్టేవి ఈ కొమ్మలే. ఈ ఒక్క కోత తప్పితే తర్వాత ఎన్ని కోతలు కోసినా అడుగు మూసుకోదు, ఎందుకంటే పైన కోస్తే పైనే చిగురిస్తుంది.

అక్టోబరు నాటికి కొమ్మలు అడుగు పొడవు వస్తాయి. వాటిని సగానికి కోయండి. ఫిబ్రవరి ఆఖరున మళ్ళీ, ఈసారి నేల నుంచి అడుగుం పావుకు. మొదటి ఏడాది ఆఖరుకు కంచె ఎత్తు అడుగున్నర దాటకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే. వాక్కాయ మొదటి ఏడు కదలదు, కింద వేరు పెంచుకుంటుంది. అది చూసి యూరియా కుమ్మరించకండి. రెండో ఏటి నుంచి ఊపు అందుకుంటుంది. అప్పుడు ఏడాదికి మూడు కోతలు, ప్రతి కోతకూ పాత కోత కన్నా నాలుగైదు అంగుళాలు మాత్రమే పైకి వదలాలి. ఇలా వెళితే మూడో ఏడు దాటేసరికి నాలుగడుగుల కంచె తయారవుతుంది.

ఆకారం ఎప్పుడూ కింద వెడల్పు, పైన ఇరుకు. నాలుగడుగుల ఎత్తుకు కింద రెండున్నర అడుగులు, పైన అడుగున్నర. చేతికి అందేది పైభాగం కాదు, పక్కలు కాబట్టి కూలివాళ్ళు సాధారణంగా పక్కలను నిలువుగానో, కింద ఎక్కువగానో గీకేస్తారు. పైభాగం వెడల్పయిన కంచె తన అడుగుకు తనే నీడ పడుతుంది, రెండేళ్ళలో కింద కర్ర తప్ప ఆకుండదు. రెండు చివర్ల రెండు బొంగులు ఏటవాలుగా పాతి, వాటి మధ్య సుతిలి కట్టి కోయించండి. కంటి అంచనాకు వదలొద్దు.

కంచె నిలబడ్డాక కాయ కావాలా, బిగువు కావాలా అన్నది తేల్చుకోవాలి. వాక్కాయ పువ్వు రెమ్మల కొనల్లో గుత్తులుగా వస్తుంది. శీతాకాలం వెళ్ళే రోజుల్లో, అంటే జనవరి నుంచి మార్చి దాకా ప్రధానంగా పూస్తుంది, వానల్లో కాయ ముదురుతుంది. డిసెంబరులో నున్నగా కత్తిరించారంటే ఆ ఏటి కాయ కత్తెరలోనే పోయినట్టు. కాయ కావాలనుకునేవాళ్ళు కోత అయిపోయాక, ఆగస్టు ఆఖరులోనో సెప్టెంబరులోనో, వాన తెరిపిచ్చిన రోజు చూసి ఏడాదికి ఒకేసారి గట్టిగా కత్తిరించాలి. తుపానులు వచ్చే అక్టోబరు, నవంబరులకు కంచె తక్కువ ఎత్తులో ఉండటం కూడా మంచిదే. మధ్యేమార్గం ఒకటుంది: వీధివైపు ఏడాదికి మూడుసార్లు నున్నగా, ఇంటివైపు ఒక్కసారే. లోపలివైపు కాయ మనకు దక్కుతుంది. వీధివైపు కాసినా బడిపిల్లలు మిగల్చరనుకోండి.

నీరు, ఎరువు

నాటిన మొదటి వేసవి మాత్రం కంచెను కనిపెట్టుకుని ఉండాలి. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా నాలుగైదు రోజులకోసారి మొక్కకు 5 లీటర్లు. కాలువలు కట్టేసే ముందే తొట్టె, చెరువు నింపి పెట్టుకోండి. తీరం దగ్గరి ఊళ్ళలో వేసవి బోరునీళ్ళు ఉప్పెక్కుతాయి. నోట్లో వేసుకుంటే ఉప్పన తెలిసే నీటిని లేతమొక్కకు పోయొద్దు. గత్యంతరం లేకపోతే కొద్దికొద్దిగా రోజూ పోసేకన్నా వారానికోసారి ఎక్కువగా పోయడం మేలు, ఉప్పు వేరు దాటి కిందికి దిగుతుంది. ఆకుల మీద మాత్రం పడనీయకండి. రెండో వేసవికి పదిహేను రోజులకోసారి చాలు, మూడో ఏటి నుంచి ఆ అవసరమూ పెద్దగా ఉండదు.

ఏటా జూన్‌లో మొక్కకు రెండు కిలోల చివికిన ఎరువు వేసి, వానకు జారిన మట్టిని బోదెలోంచి తీసి గట్టుకు గొప్పు ఎగదోయండి. మొదటి రెండేళ్ళు కోత కోసిన వారానికి, నేల తడిగా ఉన్నప్పుడు, మొక్కకు 15 గ్రాముల యూరియా మొదలుకు జానెడు దూరంలో వేయొచ్చు. అంతకుమించితే కొమ్మ మెత్తగా సాగుతుంది, ముల్లు గట్టిపడదు, పిండినల్లికి విందు. కంచె నిలబడ్డాక యూరియా ఊసే వద్దు.

తేడా వచ్చినప్పుడు

ఆగస్టు, సెప్టెంబరుల్లో కింది ఆకులు పసుపెక్కి రాలుతుంటే వెంటనే ఎరువు లోపమని పరుగెత్తకండి. మొదలు పక్కన జానెడు లోతు తవ్వి చూడండి. మట్టి ముద్దగా ఉండి మురుగు వాసన వస్తే, సన్నవేరును గోటితో లాగితే బెరడు ఊడి లోపలి పుల్ల మిగిలితే, అది జాలు దెబ్బ. బోదె లోతు పెంచి, అడ్డుపడ్డ చెత్త తీసి నీరు పోయే దారి చేయండి. గట్టు మట్టిని పైపైన గుల్ల చేసి, మొదళ్ళ దగ్గర లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్ళు మొక్కకు రెండు లీటర్లు పోయండి. పసుపు ఆకు మళ్ళీ పచ్చబడదు, కొత్త చిగురు వస్తే గండం గడిచినట్టు.

అదే పసుపు కొత్త ఆకుల్లో వచ్చి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. వాక్కాయకన్నా నూరువరహాలలో, సున్నపు నీళ్ళ బోరు ఉన్నచోట ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, సాయంత్రం పూట వారం ఎడంతో రెండు మూడుసార్లు ఆకు తడిసేలా కొట్టండి.

రాత్రికి రాత్రి కొమ్మలు బోడి అయితే గట్టు మీద చూడండి. మిరియాలంత, అంతకన్నా పెద్ద నల్లటి రెట్టలు కనిపిస్తాయి. వాటికి సరిగ్గా పైనున్న కొమ్మలో వేలంత లావు ఆకుపచ్చ పురుగు అతుక్కుని ఉంటుంది, వెనక చిన్న కొమ్ము, తల దగ్గర నీలపు మచ్చలు. గన్నేరునూ నందివర్ధనాన్నీ తినే పురుగే ఇది. పది ఇరవై ఉంటే చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేస్తే సరిపోతుంది. ఎక్కువైతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి పిల్లపురుగుల దశలోనే కొట్టాలి. వేలంత ఎదిగినదాని మీద వేపనూనె పనిచేయదు. పిండినల్లికీ ఇదే మందు. కాకపోతే ముందు కొమ్మ మీద బారులు తీరిన చీమలను వదిలించండి, వాటిని మోసుకొచ్చేవీ కాపలా కాసేవీ చీమలే.

అన్నిటికన్నా ప్రమాదం సీతమ్మ పోగునూలు. పసుపుపచ్చ దారాలు ఒకటి రెండు కంచె మీద కనిపించిన రోజునే పని పట్టాలి. దానికి వేరూ ఉండదు, ఆకూ ఉండదు, కంచె కొమ్మలోకి ముళ్ళలాంటి పీల్చుగొట్టాలు దించి రసం తాగుతుంది. చేత్తో లాగితే తెగిన ప్రతి ముక్కా మళ్ళీ అంటుకుంటుంది. అది చుట్టుకున్న కొమ్మతో సహా, చుట్టూ జానెడు అదనంగా కోసి, గోనెసంచిలో వేసి తీసుకెళ్ళి కాల్చేయాలి. దూసరి తీగకు ఇంత హడావుడి అక్కర్లేదు. దాన్ని మొదట్లో తవ్వి తీసేయండి, పైన తీగ దానంతటదే ఎండుతుంది. తిప్పతీగ అయితే పైన తీగను కూడా లాగేయాలి, మొదలు తెగినా అది గాలివేళ్ళు దించి మళ్ళీ నాటుకుంటుంది.

వరదనీరు కంచెలోకి వచ్చి తీసిందంటే మొదట చేయాల్సింది ఒండ్రు తీయడం. మొదలు చుట్టూ నాలుగు అంగుళాల మెత్తటి ఒండ్రు పేరుకున్నా వేరుకు గాలి ఆడదు. రెండు మూడు రోజుల్లో దాన్ని లాగేసి, ఆకుల మీది బురద కడిగి, బోదె పూడిక తీయండి. గాలివానకు ఒరిగిన మొక్కలను నేల మెత్తగా ఉండగానే, వారం లోపు నిలబెట్టి మట్టి అదమండి. ఆలస్యమైతే వేరు ఆ ఒరుగులోనే గట్టిపడుతుంది.

ఏడాది దాటాక పడ్డ ఖాళీకి కొత్త మొక్క పెట్టినా పక్కవి దాన్ని ఎదగనివ్వవు. దానికి నేల అంటు ఉపాయం. జూన్‌లో పక్కమొక్క కింది కొమ్మను ఖాళీలోకి వంచి, నేలకు తగిలేచోట బెరడును అంగుళం మేర గీరి, మూడంగుళాల లోతు మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి, కొన మాత్రం బయటికి ఉండాలి. వానాకాలం అంతా కదపొద్దు. శీతాకాలంలో మెల్లగా లాగి చూస్తే పట్టు తెలుస్తుంది. తల్లికొమ్మను మాత్రం వచ్చే జూన్‌లోనే తెంచండి.

పాతకంచె అడుగు బోసిపోయి ఉంటే పీకనక్కర్లేదు. తొలకరికి ముందు ఒక వైపు కొమ్మలన్నీ నడిమి కాండం దాకా కోసి, పైభాగాన్ని రెండడుగులకు దించండి. రెండో వైపును వచ్చే ఏడు కోయండి. రెండు వైపులా ఒకేసారి బోడి చేస్తే ఆకు లేక చిగురు నీరసంగా వస్తుంది, ఆ సందులో పశువులూ వచ్చేస్తాయి.

కోసేటప్పుడు తోలు చేతొడుగులు, మందపాటి చెప్పులు తప్పనిసరి. పాలు చేతికి అంటుకుంటే కొబ్బరినూనె రాసి తుడిచి తర్వాత సబ్బు పెట్టండి. ముల్లు లోతుగా దిగితే కడిగి, ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు చేసుకోండి. కోత మొదలుపెట్టే ముందే గట్టుకు రెండు వైపులా పాత పరదాలు పరిస్తే పడ్డ కంప ఏరుకోవడం తేలిక. ఎండిన వాక్కాయ ముల్లు తొందరగా చివకదు. బోదెలో పడి, ఆ నీళ్ళతో పక్కచేలోకి వెళితే నాట్లప్పుడు వట్టికాళ్ళతో దిగే కూలీల పాదాల్లో గుచ్చుకుంటుంది. అందుకే సార్వా నారుమళ్ళు వేసే లోపు బోదెను ఒకసారి పళ్ళగొర్రుతో పూర్తిగా లాగి, కంపనంతా మెరక మీద ఒకచోట పోగేసి కాల్చేయండి.